తొండ గుడ్డుకు కత్తెర పెట్టే వేళ

తొండల గుడ్లు పొదిగించడం కూడా ఒక ఉద్యోగమేనా అని మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. నవ్వితే నవ్వనివ్వండి. సూరత్‌లో పందొమ్మిదేళ్లు ఆ పని చేసి పోయిన ఎండాకాలం మానేశాను. ఈ మధ్య ఈ పనిలోకి కొత్తగా దిగినవాళ్లు కొందరు ఫోన్ చేసి, గుడ్డు ఎప్పుడు కోయాలి, ఎప్పుడు ఆగాలి అని అడుగుతున్నారు. ఫోన్లో రెండు ముక్కలు చెబితే సగం అర్థమై, సగం అర్థం కాక ఉన్న గుడ్లు కూడా పాడు చేస్తారు. అందుకని కూర్చుని రాస్తున్నాను.

నా పేరు రాజేశం. మాది సిరిసిల్ల దగ్గర పల్లె. నేను పొదిగించింది పెంపుడు బల్లుల గుడ్లు. దూరదేశపు ఎడారి జాతి అది. కోపం వస్తే గొంతు కింద నల్లగా గడ్డంలా ఉబ్బుతుంది. కొనేవాళ్లు బియర్డెడ్ డ్రాగన్ అంటారు. మన కంటికి అది తొండే. కాబట్టి నేను గడ్డం తొండ అంటాను. ఒంటిమీద బల్లి పడితే తలస్నానం చేసే ఊరు మాది. అలాంటిది నేను తొండలకే గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయిస్తున్నానని తెలిసి మా మేనమామ ఏడాదిపాటు నా చేతి నీళ్లు తాగలేదు.

ఈ పని నాకు అన్నం పెట్టింది, ఓపిక నేర్పింది. ఆ ఓపికతోనే నా భార్యను దూరం చేసుకున్నాను. భాగ్య బతికే ఉంది. ఎనిమిదేళ్లుగా ఆమె ఊళ్లో, నేను ఇక్కడ సూరత్ శివారు ఉన్‌లో ఒక గదిలో. మా మధ్య కొట్లాట లేదు, పంచాయతీ లేదు. ఆమె తనంతట తనే వస్తుందని నేను ఆగాను, అంతే. ఇప్పుడు వస్తుందా, రాదా అన్నది ఒక్కటే నాకు మిగిలిన సంగతి. గుడ్ల గురించి రాసి ఆమె గురించి రాయకపోతే అది అబద్ధం రాసినట్టు. పని నేర్చుకుంటే చాలనుకునేవాళ్లు మొదటి మూడు భాగాలు చదివి ఆపేయండి.

పోగు తెగితే చేయి ఆగదు

నేను సూరత్ వచ్చింది సాంచెలు నడపడానికి. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. ఖటోదరాలో పద్నాలుగేళ్లు నడిపాను. సాంచె మీద పోగు తెగిందంటే ఊపిరి తీసుకునే లోపల మగ్గం ఆపాలి, తెగిన కొసలు పట్టుకోవాలి, ముడి వేయాలి, మళ్లీ నడపాలి. ఒక్క పోగు వదిలేస్తే గజాల బట్ట పాడవుతుంది. పద్నాలుగేళ్లు చేస్తే ఆ పని బుర్రలో ఉండదు, వేళ్లలో ఉంటుంది. నిద్రలో కూడా వేళ్లు ముడి వేస్తాయని భాగ్య నవ్వేది.

ఆ మిల్లు మూతపడ్డాక, కతర్‌గామ్‌లో ఒక వజ్రాల కార్ఖానా వాచ్‌మన్ నర్సయ్య నన్ను వాళ్ల సేటు దగ్గరికి తీసుకుపోయాడు. నర్సయ్య మా పక్క ఊరివాడే. సేటు పేరు మగన్‌భాయ్. కింద రెండు అంతస్తుల్లో వజ్రాలు సాన పడతారు. మూడో అంతస్తులో సేటు సరదా. ఎవరో బహుమానంగా ఇచ్చిన ఒక జత గడ్డం తొండల్ని ఇంట్లో పెట్టుకుంటే సేటు భార్య అన్నం మానేసిందట. దాంతో అవి కార్ఖానా మీదికి వచ్చాయి. జత పది జతలైంది. వాటి పిల్లల్ని పెంపుడు జంతువుల దుకాణాలవాళ్లు అడగడం మొదలుపెట్టారు. అప్పుడు సేటుకు ఒక మనిషి కావలసి వచ్చాడు.

“చేయి స్థిరంగా ఉండాలి, నోరు తక్కువ ఉండాలి” అన్నాడు సేటు హిందీలో.

నాకు రెండూ ఉన్నాయి. రెండూ నన్ను ముంచాయి కూడా.

మొదటిసారి పెట్టెలో ఇరవై రెండు గుడ్లు. తల్లి తొండ ఇసుకలో గుంత తవ్వి పెట్టిన గుడ్లను తీసి, తడి చేసిన తేలికపాటి గులకలో సగం వరకు పూడ్చి, వేడి ఒకేలా ఉండే పెట్టెలో రెండు నెలలకు పైన ఉంచాలి. అన్ని రోజులూ బాగానే గడిచాయి. ఒక పొద్దున చూస్తే గుడ్ల మీద చెమట పట్టినట్టు నీటి చుక్కలు. ఒక గుడ్డు పైన చిన్న చీలిక, అందులోంచి గోధుమ గింజంత ముక్కు. మధ్యాహ్నమైంది, ముక్కు అక్కడే ఉంది. సాయంత్రమైంది, అక్కడే ఉంది. మెల్లగా ఊపిరి పీలుస్తోంది, కదలడం లేదు.

ఇరుక్కుపోయిందనుకున్నాను. తెగిన పోగు ముందు నిలబడ్డట్టే ఉంది నాకు. వేలు పెట్టి చీలిక పెద్దది చేసి పిల్లను బయటికి లాగాను. దాని పొట్ట కింద నుంచి పచ్చసొన సంచి కూడా వచ్చి, పెంకుకు పట్టుకుని చినిగింది. పిల్ల కాసేపు నా అరచేతిలో కాళ్లు కొట్టుకుని ఆగిపోయింది. ఇది బలహీనమైనది కాబోలనుకుని రెండోదాన్ని లాగాను. మూడోదాన్ని కూడా లాగాను. సేటు పైకి వచ్చేసరికి మూడు పిల్లలు వరుసగా పాత కాగితం మీద ఉన్నాయి.

“రాజేశ్‌భాయ్, యే క్యా కియా?” ఇదేం చేశావని అడిగాడు.

“ఇరికినయి సేట్. అందుకే తీసిన.”

ఆయన నేల మీద కూర్చున్నాడు. తిట్టలేదు. “ఫసా నహీ థా. పేట్ భర్ రహా థా” అన్నాడు. ఇరుక్కోలేదయ్యా, కడుపు నింపుకుంటోంది అని.

నిజం అదే. పెంకు చీల్చాక పిల్ల ఆ చీలికలో ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర అలాగే ఉంటుంది. మిగిలిన పచ్చసొనను పొట్టలోకి పీల్చుకుంటుంది. అది అయ్యాక దానంతట అదే లేచి వస్తుంది. మన కంటికి అది ఆగిపోయినట్టు ఉంటుంది. అప్పుడే అది అన్నిటికన్నా ముఖ్యమైన పని చేస్తుంటుంది.

మిగతా పందొమ్మిదీ లేచేదాకా నేను రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని కూర్చున్నాను. మీలో మగ్గం మీద నుంచో, వజ్రాల సాన మీద నుంచో, జరీ పని నుంచో వచ్చినవాళ్లు ఉంటారు. మీ చేతులు మంచివి. అందుకే మీకు చెబుతున్నాను, మొదటి ఏడాది మీ చేతుల్ని నమ్మకండి.

వజ్రం చావదు, గుడ్డు చస్తుంది

కోడి తన గుడ్లను పొదిగేటప్పుడు అటూ ఇటూ పొర్లిస్తుంది. అలా పొర్లించకపోతే పిల్లలు లేవవు. కోళ్లు పెంచిన ఇళ్ల నుంచి వచ్చినవాళ్లు తొండ గుడ్లనూ అలాగే తిప్పబోతారు. తిప్పకూడదు. పెట్టిన కొద్ది గంటల్లోనే లోపలి ప్రాణం పైభాగానికి అతుక్కుంటుంది. అది మొదలుకుని ఏ వైపు పైన ఉందో ఆ వైపే పైన ఉండాలి. అందుకే తీసేటప్పుడే పెన్సిల్‌తో పైన చిన్న చుక్క పెడతాం. ఆ చుక్క చివరి రోజు దాకా ఆకాశాన్ని చూస్తూనే ఉండాలి.

ఈ సంగతి నాకు తెలుసు. మగన్‌భాయ్‌కీ తెలుసు. అయితే ఆయన నలభై ఏళ్లుగా వజ్రాలు చూసిన మనిషి. వజ్రాన్ని సన్న పట్టుకారుతో పట్టి, కంటికి భూతద్దం పెట్టుకుని, వెలుతురు ముందు అన్ని ముఖాలూ తిప్పి చూస్తేనే ఆయనకు చూసినట్టు. రోజూ సాయంత్రం కింద పని ముగించుకుని భూతద్దం మెడలో వేలాడుతుండగానే పైకి వచ్చేవాడు. ఒక్కో గుడ్డు రెండు వేళ్లతో తీసి, దీపానికి అడ్డం పెట్టి, నెమ్మదిగా తిప్పేవాడు. లోపల ఎర్రటి నరాలు కనిపిస్తే చిన్నపిల్లాడిలా సంబరపడేవాడు. మళ్లీ జాగ్రత్తగా పెట్టేవాడు. ఎంత జాగ్రత్తగా పెట్టినా పెన్సిల్ చుక్క పక్కకో కిందికో పోయేది.

నేను చూస్తూ నిలబడేవాణ్ణి. సేటుకు నేనేం చెబుతాను? మూడు పిల్లల్ని చంపినవాణ్ణి. ఆయన వెళ్లాక చుక్కను మళ్లీ పైకి తిప్పేవాణ్ణి, అంటే రెండోసారి తిప్పినట్టే. మూడు వారాలకు ఎర్ర నరాలు మాయమయ్యాయి. గుడ్లు పసుపు రంగుకు తిరిగి, లోపలికి కూరుకుపోయాయి. ఆ పెట్టె మొత్తం పోయింది. సేటు కరెంటును అనుమానించాడు, నీళ్లను అనుమానించాడు, గులక అమ్మినవాణ్ణి తిట్టాడు. నేను అప్పుడు కూడా నోరు విప్పలేదు. ఆ గుడ్లు సేటు చేతిలో పోయాయని చాలాకాలం అనుకున్నాను. కాదు, మూసుకున్న నా నోట్లో పోయాయి.

తరువాతి పెట్టెకు ఆయన చేయి చాపినప్పుడు మణికట్టు పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో నాకే తెలియదు.

“సేట్, జర ఆగుండ్రి. గిది హీరా కాదు. తిప్పితే సచ్చిపోతది” అన్నాను. భయంలో తెలుగే వచ్చింది. వజ్రానికి హిందీ మాట హీరా ఒక్కటే ఆయనకు అర్థమైంది.

కాసేపు నా చేతి వంక చూశాడు. తరువాత భూతద్దం తీసి జేబులో వేసుకున్నాడు. “చాలీస్ సాల్ మే కిసీనే మేరా హాథ్ నహీ పకడా” అని నవ్వాడు. నలభై ఏళ్లలో తన చేయి పట్టుకున్నవాడు లేడట. ఆ రోజు నుంచి పైకి వచ్చినప్పుడల్లా చేతులు వెనక కట్టుకుని నిలబడేవాడు.

యజమానుల గురించి నా అభిప్రాయం ఒకటి రాస్తాను, నచ్చకపోతే వదిలేయండి. జంతువంటే ప్రేమలేని యజమాని ప్రమాదం కాదు, పని మీకు వదిలేస్తాడు. ప్రేమ ఉన్న యజమానే మాటిమాటికీ ముట్టుకుంటాడు. ఆయన చేయి పట్టుకునే ధైర్యం మీకు లేకపోతే ఈ పనిలోకి రాకండి.

ఎప్పుడు ముట్టాలి

గుడ్డు నడిమధ్య రోజుల్లో సొట్ట పడితే అది దాహం. గులకలో, పెట్టె గోడ పక్కన, కొద్దిగా నీళ్లు పోయండి. గుడ్డు మీద పోయకండి. రెండు రోజుల్లో సొట్ట పూడుతుంది. అదే సొట్ట చివరి వారంలో వస్తే అది దాహం కాదు, పిల్ల లేవబోతోందని గుర్తు. అప్పుడు నీళ్లు పోసేవాడు దండగమనిషి. బూజు పట్టిన గుడ్డును చూసి హడావిడి పడకండి. దీపం పెట్టి చూడండి, లోపల నరాలుంటే బూజును పొడి దూదితో తుడిచి వదిలేయండి. నరాలు లేక, పసుపుపచ్చగా కూలిపోయి, వాసన వస్తుంటే తీసేయండి.

ఇక ఆగకూడని చోటు ఒకటుంది. అక్కడ నేను ఆగాను.

రాణి అని ఒక తల్లి తొండ ఉండేది. గుడ్లు పెట్టే ముందు తల్లులు తిండి తగ్గించి, ఇసుక తవ్వుతాయి. రాణి తవ్వడం మొదలుపెట్టింది. ఈ మూల, ఆ మూల, నాలుగు రోజులు, అయిదు రోజులు తవ్వింది, గుడ్లు పెట్టలేదు. ఆరో రోజు తవ్వడం ఆపేసింది. ఒక మూల కళ్లు మూసుకుని పడుకుంది. హమ్మయ్య, కుదురుకుందనుకున్నాను. అప్పటికి నాకు ఓపిక మీద గర్వం పెరిగింది. ముట్టకుండా ఉండటమే గొప్ప అనుకునే రోజులు. ఇంకో రెండు రోజులు ముట్టలేదు.

సేటు పిలిపించిన పశువుల డాక్టరమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంటూనే ముఖం మార్చుకుంది. గుడ్లు లోపలే ఇరుక్కున్నాయి. కోసి తీశారు. రాణి బతికింది కానీ ఆ తరువాత ఎన్నడూ గుడ్లు పెట్టలేదు.

“తవ్వడం ఆపిందంటే కుదురుకుందని కాదు రాజేశ్‌భాయ్. దానికి శక్తి అయిపోయిందని” అంది డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ. “తవ్వుతున్నప్పుడు పిలవాలి. ఆపాక కాదు.”

ఆ మాట గోడ మీద రాసి పెట్టుకున్నాను. రాసి పెట్టుకుని, రోజూ చదివి, ఇంటికి వెళ్లి మరిచిపోయేవాణ్ణి.

కత్తెర సంగతి చివర్లో చెబుతున్నాను, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. పెట్టెలో మిగతా పిల్లలన్నీ లేచిపోయాయి. ఒక్క గుడ్డు మిగిలింది. చెమట పట్టింది, కుంగింది, చీలిక మాత్రం రాలేదు. ఒక పూర్తి రోజు చూడండి. దీపం ముందు లోపల కదలిక ఉందో లేదో చూడండి, గుడ్డును ఎత్తకుండానే. కదలిక ఉండి, రోజు దాటితే, అప్పుడు సన్న కత్తెర. పెన్సిల్ చుక్క పక్కన బియ్యపు గింజంత కోత. అంతకు మించి వద్దు. రక్తం కనిపిస్తే ఆపేయండి, ఇంకా సమయం కాలేదన్నమాట. తడి దూది కప్పి మళ్లీ పెట్టెలో పెట్టండి. కోతలోంచి ముక్కు కనిపిస్తే మీ పని అయిపోయింది. లాగకండి. ఊపిరికి దారి ఇవ్వడం మన పని, బయటికి రావడం దాని పని.

ఇంకో నిజం కూడా రాయాలి. నేను కోసిన గుడ్లలో బతికినవి తక్కువ. చాలావాటిలో పిల్ల పూర్తిగా తయారై, కాళ్లు ముడుచుకుని, అప్పటికే చనిపోయి ఉండేది. ఒక పూట ముందు కోసి ఉంటే బతికేదా అని ప్రతిసారీ అనుకుంటాం. జవాబు ఉండదు. ఈ పనిలో ఉన్నన్నాళ్లూ ఆ ప్రశ్న మీతో అన్నం తింటుంది.

ఉన్‌లో గది

భాగ్య పెళ్లయిన మూడో ఏడు సూరత్ వచ్చింది. ఊళ్లో బీడీలు చేసేది. పదిమంది ఆడవాళ్ల మధ్య కూర్చుని, ఆకు కత్తిరిస్తూ, నోటితో ఊరంతా తిరిగి వచ్చే మనిషి. ఉన్‌లో మా వరుసలో తెలుగు ఇల్లు ఒక్కటీ లేదు. చీరలకు లేసు కుట్టే పని ఇంటికి తెచ్చుకుని ఒంటరిగా కుట్టేది. మాకు పిల్లలు లేరు. రెండుసార్లు కడుపులోనే పోయారు. ఊళ్లో ఒకామె, “పిల్లలు లేనోడు తొండలకు తల్లైండు” అందట. ఆ మాట భాగ్య నాకు చెప్పి నవ్వింది. నవ్వు చివర్లో ముఖం తిప్పుకుంది. నేను చూసి చూడనట్టున్నాను.

ఎండాకాలం మొదలు వానలు పడేదాకా గుడ్లకాలం. పిల్లలు లేచే రోజుల్లో వరుసగా మూడేసి నాలుగేసి రోజులు కార్ఖానా మీదే ఉండేవాణ్ణి. వజ్రాల కార్ఖానాలో ఎవరి ఫోనూ పైకి పోదు. గేటు దగ్గర నర్సయ్య సొరుగులో పెట్టి పోవాలి. కాబట్టి ఆ రోజుల్లో నేను ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు. ఇంటికి వచ్చాక స్నానం చేసి పడుకునేవాణ్ణి.

ఒకసారి అన్నం పెడుతూ అంది. “పొద్దుగాల సంది నా గొంతు నాకే ఇనబడలేదయ్య. గిట్ల ఉంటే మాట్లాడుడే మరిచిపోతనేమో.”

“జర బయటికి పొయ్యి కూసో. అందరు లేరా?”

“కూసుంట. వాళ్లు మాట్లాడేది నాకు సగమే సమజైతది. నేను నవ్వితే వాళ్లు నవ్వుతరు. ఎంతసేపని నవ్వాలె?”

“అలవాటైతది తియ్యి” అన్నాను.

అలా చాలాసార్లు అడిగింది. ఆదివారమైనా ఉండమంది. నర్సయ్య వాళ్లుండే వైపు గది మారుదామంది. ఒక ఏడాది అడగడం మానేసింది. వేళకు వంట ఉండేది, బట్టలు ఉతికి ఉండేవి, ఫిర్యాదు లేదు. నాకు సుఖంగా అనిపించింది. “ఇప్పుడు మంచిగ కుదురుకున్నది” అని నర్సయ్యతో చెప్పాను. డాక్టరమ్మ మాట గోడ మీద రాసుకున్నవాణ్ణి నేనే.

ఎనిమిదేళ్ల కింద తన తమ్ముడి బిడ్డ పెళ్లికని ఊరికి పోయింది. “నెలకు వస్తవా?” అని అడిగితే, “చూస్త” అంది. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. మళ్లీ బీడీలకు కూర్చుంటోందని తెలిసింది. నేను రమ్మనలేదు. తొందరపెట్టకూడదు, తనంతట తనే వస్తుంది అనుకున్నాను. దానికి ఓపిక అని పేరు పెట్టుకున్నాను గానీ అందులో సగం పౌరుషం. పోయినామె నన్ను అడిగి పోలేదు, నేనెందుకు అడగాలి అన్న మగబుద్ధి. అది కాస్తా ఏళ్లయింది. బతుకమ్మకు ఒకసారి, ఉగాదికి ఒకసారి ఫోన్.

“తిన్నవా?”

“తిన్న. నువ్వు?”

“తిన్న. వానలు పడ్డయా?”

“పడ్డయి.”

అంతే. ఎవరు ముందు పెట్టేసేవారో గుర్తులేదు. నర్సయ్య కూడా ఊరికి పోయాక నేను తెలుగు మాట్లాడింది తొండలతోనే. “లెవ్వురా, తిందువు” అంటే తల ఎత్తి చూసేవి. మనిషిగా పుట్టి ఒక్క మాటకు తొండ ముఖం చూసుకోవలసి రావడం ఎలా ఉంటుందో రాయడం నాకు చేతకాదు. చాలా దిగులుగా ఉండేది.

ఫాతిమాబీ దాచిన సంగతి

పోయిన ఎండాకాలం ఒక గుడ్డు కోస్తుంటే కత్తెర వణికింది. బియ్యపు గింజంత పడాల్సిన కోత వేలిగోరంత పడింది. పిల్ల బతకలేదు. మర్నాడే సేటుకు చెప్పి మానేశాను. ఆయనకూ వయసైంది, కళ్లు సరిగా కనబడవు. ఒక జత తొండల్ని తీసుకుపొమ్మన్నాడు, తోడుగా ఉంటాయని. వద్దన్నాను.

ఆ తరువాత గదిలో కూర్చోవడం మొదలైంది. పొద్దున టీ తాగితే మళ్లీ మధ్యాహ్నం దాకా చేయడానికేమీ లేదు. అప్పుడు తెలిసింది, ఈ గదిలో పగలు ఎంత పొడుగో. ఇన్నేళ్లూ నేను ఇక్కడ పగటిపూట ఉన్నది తక్కువ. గోడ మీద ఎండ కిటికీ నుంచి తలుపు దాకా నడిచేసరికి ఒక జన్మ గడిచినట్టు ఉంటుంది. భాగ్య ఈ ఎండను పదిహేడేళ్లు చూసింది.

పక్క గదిలో ఫాతిమాబీ ఉంటుంది. నాకన్నా పెద్దది, భర్త లేడు, కొడుకు ప్రింటింగ్ మిల్లులో చేస్తాడు. పదిహేను రోజుల కింద చిక్కుడుకాయల పళ్లెం తెచ్చుకుని నా గడప దగ్గర కూర్చుంది. ఈనెలు తీస్తూ, తీస్తూ, ఆపింది. హిందీలో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను.

“భాయ్‌సాబ్, ఒక మాట దాచాను. దాచమని మాట తీసుకుంది. కానీ మీరు రోజూ ఇలా కూర్చుంటుంటే నాకు అన్నం దిగడం లేదు.”

“ఏంది బీ?”

“భాగ్య భాభీ వచ్చింది. వెళ్లిన రెండో ఏడు. ఎండలు మండుతున్న రోజులు. పొద్దున వచ్చింది, మీ తాళం ఉంది. మా ఇంట్లో కూర్చోమంటే కూర్చోలేదు. ఇదిగో, ఈ గడప మీదే సాయంత్రం దాకా కూర్చుంది. నా కొడుకును కతర్‌గామ్ పంపిస్తానన్నాను. వద్దంది. సాయంత్రం బండికి వెళ్లిపోయింది. చెప్పొద్దని నా చేతిలో చేయి వేయించుకుంది.”

నేను చిక్కుడుకాయలు చూస్తూ ఉన్నాను. ఆ రోజు ఏ పెట్టె లేచిందో, ఎన్ని పిల్లలు లేచాయో గుర్తు చేసుకోబోయాను. గుర్తు రాలేదు. ఒక్కటీ గుర్తు రాలేదు.

పదిహేను రోజులు ఫోన్ చేయలేకపోయాను. నిన్న మధ్యాహ్నం చేశాను. పండగ కాదు, పబ్బం కాదు. ఎత్తగానే, “ఏమైంది? పానం మంచిగ లేదా?” అంది.

“మంచిగనే ఉన్న. భాగ్యా, నువ్వు సూరత్ వచ్చినవట గదా?”

ఆ పక్క బీడీ ఆకు కత్తిరించే చప్పుడు ఆగింది.

“చెప్పొద్దంటి గదా ఆమెకు.”

“ఎందుకు వచ్చినవ్?”

“ఎందుకు వస్తరు? ఉండనీకె వచ్చిన. బట్టల పెట్టె సుత తెచ్చుకున్న.”

మళ్లీ ఆమే అంది. “తాళం జూస్తెనే సమజైంది, పిల్లలు లేశే దినాలని. పిలిస్తే నువ్వు వస్తవు, గుడ్ల పెట్టెకాడ ఎవ్వరుండరు. నా మూలంగ నీ పని చెడుడెందుకని మర్లిపోయిన.”

“రెండు దినాలు ఆగితే నేను వద్దును గదనే.”

“ఆగుదుననే అనుకున్న. మాపటిదాక ఆగిన. రమ్మన్నోళ్లు లేని ఇంటి ముంగట ఎంతసేపని కూసుంటరయ్య?”

ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నేను ఏడ్చాను, ఫోన్లో వినబడేట్టే ఏడ్చాను.

“ఇప్పుడు రమ్మంటే వస్తవా?” అన్నాను.

“ఇప్పుడు మోకాళ్లు ఇరుగుతున్నయి. ఆ గది నాకొద్దు.”

“మరి నేను రానా?”

పక్కన ఎవరో ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నది వినిపించింది, నవ్వుకుంటున్నది వినిపించింది. తరువాత భాగ్య, “ఆకు ఎండిపోతున్నది, ఉంట మరి” అని పెట్టేసింది.

రమ్మనలేదు. వద్దనీ అనలేదు. రాత్రంతా ఆ మాటను దీపం ముందు పెట్టి చూసినట్టు చూశాను, ఏమీ తేలలేదు. ఇన్నేళ్ల అనుభవం ఇక్కడ ఒక్క మాట కూడా సాయం చెప్పలేదు. గుడ్డయితే ఇంకో రోజు చూడమని మీకు చెబుతాను. మనిషి విషయంలో నేను ఎనిమిదేళ్లు చూశాను.

పొద్దున గది యజమానికి గది ఖాళీ చేస్తున్నానని చెప్పాను. సామాను పెద్దగా లేదు. ఫాతిమాబీ దారికి రొట్టెలు చేస్తోంది. రేపటి బండిలో రిజర్వేషన్ దొరకలేదు. జనరల్ పెట్టెలో వరంగల్ దాకా నిలబడైనా పోతాను. ఆమె తలుపు తీస్తే లోపలికి పోతాను. తీయకపోతే సాయంత్రం దాకా గడప మీద కూర్చుంటాను, మర్నాడు కూడా కూర్చుంటాను.